ఉపవాసంలో కోడిగుడ్డు

దెబ్రె తాబోర్,
ఫసికా (ఈస్టర్) పండగ వెళ్లిన రెండో వారం.

చిన్నచెల్లెలు సెనాయిత్‌కు పెద్దక్క దీవించి రాసేది. దేవుని దయవల్ల ఇక్కడ మనుషులం, గొడ్డూ గోదా అందరం కులాసా. ఎర్రావు ఈనింది, పెయ్యదూడ. అడిస్ అబాబాలో, ఆ లాబొరేటరీలో నువ్వూ చల్లగా ఉండాలని రోజూ మరియమ్మ తల్లిని అడుగుతున్నాను.

నువ్వడిగినవాటికి జవాబులు. దగ్గు పోయింది. క్షయ మందులు మొదలుపెట్టినప్పుడు ముప్పై తొమ్మిది కిలోలున్నాను, ఇప్పుడు నలభై ఆరు. మాత్రలు ఒక్కరోజైనా మానలేదు కదా అని కింద రెండు గీతలు గీసి మరీ అడిగావు. అది కాస్త ఆగి రాస్తాను.

నీ ముందటి ఉత్తరాన్ని, ఫసికాకు ముందు గుడ్డూ పాలూ మాంసమూ ముట్టని పెద్ద ఉపవాసంలో, మన చర్చి గురువు అబ్బా తెక్లేకు చదివి వినిపించాను. క్షయ క్రిమిని చంపాలని మింగిన కణంలోనే అది కాపురం పెడుతుందని రాశావు చూడు, అక్కడ ఆయన చెవి దగ్గరగా పెట్టారు. ఆ కణంలో నిదానంగా కాలే పొయ్యిని అది మందగింపజేసి, చక్కెరను గడ్డిమంటలా భగ్గుమనిపిస్తుందనీ, కొవ్వును మూలన పోగేయించి దాన్నే తిని బతుకుతుందనీ చదివాను.

"ఇంతకీ మాత్రలు మింగుతున్నావా?" అన్నారు.

లేదని ఒప్పుకున్నాను. సెనాయిత్, ఒక్కరోజూ మానలేదని పోయిన ఉత్తరంలో నీకు అబద్ధం రాశాను. ఉపవాసంలో మధ్యాహ్నం పూజ అయ్యేదాకా మంచినీళ్లైనా ముట్టం కదా. నీళ్లు లేకుండా మాత్రెలా దిగుతుంది? పూజయ్యాక ఒంట్లో ఓపిక ఉండేది కాదు. రేపు, ఎల్లుండి అనుకుంటూ పదకొండు రోజులు మానేశాను.

"బిడ్డా, పస్తుంటున్నది నువ్వు. లోపలున్నవాడు కాదు! వాడి నోరు కట్టే మందును మానేసి ఇదెక్కడి భక్తి?" అన్నారు.

వంద సాష్టాంగాలు వేయిస్తారనుకున్నాను. ఫసికా దాకా రోజూ పొద్దున్నే మాత్ర, ఆ తర్వాత ఒక కోడిగుడ్డు తినమన్నారు. అదీ వాకిట్లో కూర్చుని, నలుగురూ చూసేలా.

మొదటిరోజే పక్కింటి దింకినెష్‌కు వాసన తగిలింది. "పెద్దక్కా, పండగ మీ ఇంటికే ముందొచ్చిందేం?"

"శిక్ష తింటున్నానమ్మా."

"అలాంటి శిక్ష పడాలంటే ఏం పాపం చెయ్యాలో నాకూ చెప్పు!"

ఆసుపత్రిలోనూ నిజం చెప్పాను. తిట్టారు. మానిన రోజులు చివర కలిపారు. క్రిమి మొండికెత్తిందో లేదో ఐదో నెల పరీక్షలో తెలుస్తుందన్నారు. పండగంతా గుండెలో రాయి పెట్టుకునే తిరిగాను.

మొన్న మంగళవారం నర్సు కాగితం చూసి, "కఫంలో ఏమీ లేదమ్మా" అంది. నాకు తెలియకుండానే నాలుక ఆడించి ఇలిలిలి అని ఆనందనాదం చేశాను. జబ్బు పడ్డాక అంత ఊపిరి అందడం ఇదే మొదలు. "ఇది ఆసుపత్రమ్మా, పెళ్లి కాదు!" అని నర్సు గదిమింది. వరసలో కూర్చున్న ఆడవాళ్లంతా నాతో గొంతు కలిపారు. ఒక ముసలావిడ, ఎవరి కోసమో కూడా అడగకుండానే, అందరికంటే గట్టిగా.

ఇట్లు,
ఇక నీకు అబద్ధం రాయని
నీ పెద్దక్క ఎల్ఫినెష్