రైలు దిగిన పిన్ని

ఆమదాలవలస,
1968 ఆగస్టు

నా తాయారుకు,

బడిపిల్లల చొక్కాల పని అయిపోయింది. ముసురు పట్టి కొత్త బేరాలు రావడం లేదు. మిషను ముందు కూర్చుంటే ఇప్పుడు చేతికంటే కంటికే పని ఎక్కువ. మన కూర్మి రోజంతా మిషను కిందే కాపురం పెట్టింది.

నేను కత్తిరించి పడేసిన పేలికలన్నీ దాని మనుషులు. ఖాకీ ముక్క నేను. మెత్తటి పాత చీర ముక్క వాళ్ళ నాయనమ్మ. పువ్వుల చీటీగుడ్డ ముక్క తను. నీకు మాత్రం పేలిక లేదు. చాప మీద ఒక మూల ఖాళీగా వదిలింది. మొన్న మిల్లు బండి తోలే గంగులు వచ్చి, తడిసిన గొడుగు తెచ్చి ఆ మూలన పెట్టాడు. పిల్ల కెవ్వుమంది.

"తియ్యి! మాయమ్మ కూకుంది. అగుపడ్డం నేదేటి నీకు?"

పాపం గంగులు గబుక్కున గొడుగు తీసి, "తప్పయిపోనాది తల్లీ, సూసుకోనేదు" అని ఆ ఖాళీకి దండం పెట్టి మరీ వెళ్ళాడు.

అది ఆ మూలకు వంగి ఏదో గుసగుసలాడుతుంది. చెవి ఒగ్గి వింటుంది. తర్వాత పకపక నవ్వుతుంది. నిన్న ఉండబట్టలేక అడిగాను, "ఏటన్నాదే మీ అమ్మ?" అని.

"నీకు సెప్పొద్దంది" అంది.

నవ్వాను గాని, ఆ పూట మళ్ళీ కత్తెర పట్టలేదు. నువ్వు వెళ్ళేనాటికి దానికి మూడేళ్ళు నిండలేదు. నీ ముఖం దానికి ఎంత గుర్తుందో నాకు తెలియదు. అయినా దానితో నువ్వు రోజూ మాట్లాడుతున్నావు, నాతో మాట్లాడటం లేదు. పిల్లను చూసి కుళ్ళుకునే తండ్రి ఎక్కడైనా ఉంటాడా? నేనున్నాను.

ఎప్పుడూ నన్నొక్కడినే రమ్మంటావు. ఈసారి దాన్ని తీసుకురానా?

నీ
జగన్నాధం


విశాఖపట్నం ఆసుపత్రి నుంచి

బావా,

నీ ఉత్తరం చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివాను. గంగులు దండం పెట్టిన చోటికి వచ్చి నవ్వాను, అక్కడే ఏడ్చాను. పక్కమంచం జగ్గమ్మ భయపడి నర్సమ్మను పిలిచింది.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. మందులతో క్షయ తగ్గవలసినంత తగ్గిందనీ, ఎడమ ఊపిరితిత్తిలో పాడైన ముక్కను కోసి తీసేయాలనీ డాక్టరుగారు ఎండాకాలంలోనే అన్నారు. నేను వద్దన్నాను. ఆ బల్లమీద పడుకుని మళ్ళీ లేవనేమోనని భయం. ఇలా ఉంటే కొన్నాళ్ళయినా ఉంటాను కదా, మీరిద్దరూ ఉన్న ఊరివైపు వెళ్ళే రైలు కూతయినా వింటాను కదా అనుకున్నాను.

అందుకే పిల్లను తేవద్దంటున్నాను. నన్ను చూసి, అలవాటుపడి, మళ్ళీ పోగొట్టుకోవడం కంటే ఇలాగే మరిచిపోవడం దానికి మంచిది. దాని ఒంటి మీది కొబ్బరినూనె వాసన కోసం నా ప్రాణం కొట్టుకుంటుంది. అయినా ఈ మాటే అంటున్నాను. అత్త బొబ్బిలి సంబంధం మాట ఎత్తిందని మా అన్న కొండబాబు వచ్చినప్పుడు చెప్పాడు. నాకు కోపం లేదు. ఆ చాప మీద ఖాళీలో ఒక నిజం మనిషిని కూర్చోబెట్టు బావా. పిల్లకు జడ వేసే చెయ్యి కావాలి. ఖాళీలు జడ వెయ్యలేవు.

తాయారు


ఆమదాలవలస

తాయారూ,

నువ్వు భయపడుతూ ఒక్కదానివే ఇన్నాళ్ళు ఉన్నావన్నది నాకు మింగుడు పడటం లేదు. ఆపరేషను నీ ఒంటికి. చేయించుకో అని నేను నిన్ను తొయ్యను. కాని నిన్ను మరిచిపొమ్మని పిల్లకు చెప్పడం నా వల్ల కాదు.

బొబ్బిలి వాళ్ళకు కుదరదని అమ్మ చేతే చెప్పించాను. అమ్మ నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. "అది నా అన్న కూతురు కాదేటిరా? దాని మీద నాకు పేనం నేదేటి? పిల్ల నెత్తి సింపిరిగా ఉంటే సూడనేక అన్నాను" అంది. అమ్మ మీద మనసులో ఏమీ పెట్టుకోకు.

డాక్టరుగారికి రాశాను. కఫంలో ఇప్పుడు పురుగు లేదనీ, ఆరుబయట కూర్చుని పిల్లను చూసుకోవచ్చనీ జవాబిచ్చారు. ఆదివారం పాసింజరుకు వస్తున్నాం. నువ్వు వద్దన్నా వస్తున్నాం.

జగన్నాధం


విశాఖపట్నం

బావా,

మీరెక్కిన రైలు ఇంకా విజయనగరం దాటి ఉండదు. అప్పుడే రాయడానికి కూర్చున్నాను. నువ్వు డాక్టరుగారి దగ్గరకు వెళ్ళాక ఏం జరిగిందో నువ్వు చూడలేదు. నువ్వు తిరిగి వచ్చేసరికి నేను చెప్పే స్థితిలో లేను.

కూర్మి నీ కాళ్ళ వెనక దాక్కుని "ఈవిడ మాయమ్మ కాదు" అన్నప్పుడు నీ ముఖం చూడలేకపోయాను. నువ్వు దాన్ని గట్టిగా ముందుకు లాగబోతే వద్దని చెయ్యి ఊపాను. మరిచిపోవాలని రాసింది నేనే కదా. నేనడిగిందే నాకు దొరికింది. మెడ ఎముకలు పొడుచుకొచ్చి, జుట్టు కత్తిరించుకుని ఉన్న ఈ మనిషిలో అది ఎవరిని పోల్చుకుంటుంది?

నువ్వు లోపలికి వెళ్ళాక సరుగుడు చెట్ల కింద దూరంగా కూర్చున్నాను. కాసేపు నన్ను ఓరకంట చూసింది. తర్వాత రాలిన సరుగుడు కాయలు ఏరి, వరసగా పేర్చి గోడలు కట్టడం మొదలుపెట్టింది. పెదవి బిగించి పనిచేస్తుంది, అచ్చం నువ్వు గుండీలు కుట్టేటప్పటిలాగే. ఎంతసేపు చూసినా తనివి తీరలేదు. చివరికి అడిగాను.

"నన్నూ ఆడించుకుంటావా?"

తలెత్తకుండా, "అలగైతే నువ్వు పిన్నివి. రైలు దిగొచ్చినావు. కాళ్ళు కడుక్కో" అంది.

కాళ్ళు కడుక్కున్నాను. ఇసుక అన్నం పెట్టింది, తిన్నాను. "బాగుందా?" అంది. ఉప్పు తక్కువైందన్నాను. వేసింది. ఇంక భయం పోయింది దానికి. నా పక్కకు జరిగి కూర్చుని, నా చెయ్యి తీసి తిప్పి చూసి, "సన్నంగా ఉన్నావేటి?" అంది. "మాయమ్మ ఇలగుండదు. మాయమ్మకి పెద్ద జడుంటాది. నన్ను ఎత్తుకుని నూతికాడకి ఎల్తాది. నువ్వు నన్ను ఎత్తనేవు."

"ఎత్తలేను" అన్నాను.

"మీ అమ్మ ఎప్పుడొస్తుంది?" అని అడిగాను. ఏం వినాలని అడిగానో నాకే తెలియదు.

"ఒల్లు బాగయ్యాక వస్తాది. నాన రోజూ సెప్తన్నాడు." మళ్ళీ నా వైపు జాలిగా చూసింది. "అప్పుడు నువ్వు మాయింటికి రా పిన్నీ. మాయమ్మ అన్నమెడతాది. లావవుతావు."

నువ్వు వచ్చేసరికి నేను ముఖం అటు తిప్పుకుని ఉన్నది అందుకే.

మీరు వెళ్ళాక వార్డుకు పోలేదు. నేరుగా డాక్టరుగారి గదికి వెళ్ళాను. ఆపరేషను చేయించుకుంటానన్నాను. దసరా వెళ్ళాక చేస్తామన్నారు. భయం పోలేదు బావా, నీతో అబద్ధం చెప్పను. కాని అది నా ముఖం మరిచిపోయి కూడా నా కోసం ఎదురుచూస్తుంటే, నేను ఇక్కడ రైలు కూతలు వింటూ ఎలా పడి ఉండను?

ఆ రోజుకు నువ్వు రావాలి. అత్తను పిల్ల దగ్గర ఉండమను. నేను మనసులో ఏమీ పెట్టుకోలేదని చెప్పు.

ఇంకొక్క మాట. ఆ పిన్ని ఎవరని కూర్మి అడిగితే చెప్పకు. నేను ఇంటికి వచ్చి చెప్పుకుంటాను.

నీ
తాయారు