మీ వదిన దాచబోయిన గుండెజబ్బు

జగిత్యాల

చిరంజీవి అనంతరావుకు శుభాశీస్సులు. ఇద్దరమూ క్షేమమే, మనసే నిలకడగా లేదు.

మస్కట్‌లో ఉన్న మా అమ్మాయి గిరిజ కాన్పుకు మేమిద్దరం వెళ్లేముందు ప్రయాణ బీమా కోసం ఏజెంటును పిలిపించాను. పెద్దవయసువారు కనుక పాత జబ్బులున్నాయా అని అడిగాడు. మీ వదిన, "నాకేం రోగం నాయినా? బయలెల్లేటప్పుడు గా మాట ఎత్తుతరా?" అన్నది. ప్రయాణవేళ అశుభం పలుకరాదన్న మన ఇంటి పట్టింపు నీకు తెలియనిదా! ప్రియం కాని సత్యమే అయినా ఆమె గుండెజబ్బు సంగతి నేనే చెప్పాను.

"డాక్టరు రాసిస్తే కంపెనీ బీమా ఇస్తదో ఇయ్యదో చూద్దాం బాపూ, దాస్తే మాత్రం రేపు రూపాయి రాదు" అన్నాడతడు.

కావున ఆమెను చూసే కోరుట్ల డాక్టరుగారిచేత జబ్బు వివరం, మందుల పేర్లు రాయించి తీసుకురా. నక్సలైటు అన్నల బంద్ అంటున్నారు, ఆనాడు బస్సెక్కకు. చీకటిపడితే కోరుట్లలోనే ఆగు. చేనులో తవ్విన పసుపు ఉడకబెట్టించారా?

అలిగి కూర్చున్న మీ వదిన చివరకు ఏజెంటును ఒక్కటే అడిగింది: "ఆడ నాకేమన్నయితే ఈయనను ఇంటిదాక తోలిస్తరా?"

అతడు ఆ మాట కూడా కాగితం మీద రాసుకున్నాడు. ఆలస్యం చేయకు నాయనా. జానకికి, పిల్లలకు మా దీవెనలు. శ్రీహరి మిమ్ము కాచుగాక.

మీ అన్న,
శేషగిరి రావు