నూట ఇరవై చాలంటే వినవా?

యూమా, అరిజోనా
మార్చి 3

చిరంజీవి తమ్ముడు ఆర్విడ్‌కి అక్క సిగ్నే దీవించి రాస్తున్నది.

నేను బాగానే ఉన్నాను. మీ బావ క్లిఫర్డ్ పోయిన దగ్గర్నుంచి, రెండేళ్లుగా మా ఆర్‌వీలోనే తిరుగుతున్నాను. బండీ అదే, ఇల్లూ అదే. ఎడారి ఎండ ఇక చాలనిపించి మిన్నెసోటా వస్తున్నాను. కొన్నాళ్లు నీ పెరట్లో బండి పెట్టుకోనిస్తావా? బయట గోడకి ఓ సాకెట్ వేయించు. ముప్పై ఆంపులు, నూట ఇరవై వోల్టులు. అంతకు మించి వద్దు.

ఇట్లు,
నీ అక్క

తా.క. వేయించమన్నాను. వెయ్యమనలేదు.

ఫెర్గస్ ఫాల్స్
మార్చి 10

అక్కయ్యకి ఆర్విడ్ నమస్కారాలు.

నువ్వు అడగాలే గానీ పెరడెంత! మెయిన్ బోర్డు దగ్గర్నుంచి వైరు కోసం కందకం అప్పుడే మొదలుపెట్టాను. మనిషిని పిలవడం దేనికి? ఊళ్లో సగం ఇళ్లకి బట్టలారబెట్టే మెషీన్లకి రెండు వందల నలభై లైన్లు వేసింది నేనే కదా. కానీ నూట ఇరవై ఏమిటక్కా, మరీ అంత మొహమాటమా? మన మిన్నెసోటావాళ్ల సంగతి నాకు తెలీదా, మూడుసార్లు వద్దనందే కాఫీ కూడా ముట్టుకోం. నీకు రెండు వందల నలభై వేస్తున్నా.

ఇట్లు,
ఆర్విడ్

తా.క. కందకం కాస్త వంకర పోయి పక్కింటి పెరట్లోకి వెళ్లింది. వాళ్లేమీ అనలేదు. ఇంకా చూడలేదు.

యూమా
మార్చి 18

ఒరేయ్ ఆర్విడ్,

మొహమాటం కాదురా! నా బండి తినేదే నూట ఇరవై. రెండింతలు పెడితే మాడి చస్తుంది. వద్దు.

ఇట్లు,
అక్క

తా.క. వద్దంటే వద్దనే.

ఫెర్గస్ ఫాల్స్
మార్చి 25

అక్కయ్యకి,

మొదటి ఉత్తరంలో ఒకటి, రెండోదాంట్లో ఒకటి, తాజా కలంలో ఒకటి. మూడు వద్దులూ అయిపోయాయి, మర్యాద పూర్తయింది. సాకెట్ తయారు. నీకు లోటు చేస్తే పైనున్న అమ్మ ఊరుకుంటుందా?

ఇట్లు,
ఆర్విడ్

తా.క. రెండు వందల నలభై చాలకపోతే చెప్పు.

ఫార్గో
ఏప్రిల్ 9

ఆర్విడ్,

నీ జవాబు అందకముందే యూమా నుంచి బయల్దేరాను. నిన్న నీ ఇంటికొచ్చాక నువ్వు లోపల కాఫీ కాస్తుంటే బయట నేను సాకెట్లో మీటర్ పెట్టి చూశాను. ప్లగ్గు పెట్టేముందు చూసుకోమని క్లిఫర్డ్ నేర్పాడు. రెండు వందల నలభై! చూడకుండా పెట్టి ఉంటే ఫ్రిజ్జూ ఏసీ అన్నీ బూడిదే. అంత మొత్తుకున్నాక కూడా ఇదేమిటని ఒళ్లు మండి, చెప్పకుండా వచ్చేశాను. ఆయన అంత్యక్రియలకీ నువ్వు రాలేదు. అది మనసులోనే పెట్టుకున్నాను. నేను రావడం ఇష్టం లేకపోతే నోటితో చెప్పాల్సింది.

సిగ్నే

తా.క. కాఫీ వాసన మాత్రం బాగుంది.

ఫెర్గస్ ఫాల్స్
ఏప్రిల్ 14

అక్కా,

తప్పు నాదే. ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. నా పని చూసి టోపీ తీశాడు, గౌరవంతో కాదు. ఆ మూడు కాళ్ల సాకెట్ చూసి, బట్టల మెషీన్‌దే అనుకుని నాలాంటి తెలివైనవాళ్లు చాలా బండ్లు కాల్చారట. నేను నీకు ఎక్కువ పెడుతున్నాననుకున్నాను, అంతే.

అంత్యక్రియలకి వచ్చానక్కా. చర్చి బయట కారులోనే కూర్చుండిపోయాను. నీ ముఖం చూసి ఏమనాలో తెలియలేదు. అందరూ వెళ్లాక తిరిగొచ్చేశాను. రెండేళ్లుగా సిగ్గుతో చస్తున్నాను, క్షమించు. ఇప్పుడు సరిగ్గా నూట ఇరవై పెట్టించాను. మీటర్ తెచ్చుకుని మరీ రా.

నీ తమ్ముడు

తా.క. ఆరోజు కాఫీ రెండు కప్పులూ నేనే తాగాను. గుండె దడ ఇంకా తగ్గలేదు.

ఫార్గో
ఏప్రిల్ 20

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చేసరికి బండి అమ్మేశాను. సాకెట్ వృథా అయింది, తిట్టుకోకు.

నిజం చెప్పనా? నాకు కావలసింది కరెంటు కాదురా. ఒక్కదాన్నే ఉండలేకపోతున్నాను. అది రాయడానికి చెయ్యి రాక సాకెట్ అడిగాను. ఇంట్లోనే ఉండమనడానికి నీకు నోరు రాక ఇంకో నూట ఇరవై కలిపావు. ఇద్దరం ఒకే అచ్చు. మేడమీద గదిలో ఉంటాను, దులిపించు.

ఇంకొకటి. చర్చి దగ్గర ఆరోజు నీ కారు చూశాను. నువ్వే వస్తావని మెట్లమీద నిలబడ్డాను గానీ, నేనొచ్చి అద్దం తట్టలేదు. తట్టాల్సింది.

ఇట్లు,
నీ అక్క

తా.క. గురువారం బస్సుకి వస్తున్నాను. ఈసారి కారు దిగు.