ఫారంలో రాసిన రెండు

2024 మార్చి 4, సోమవారం. నంద్యాల
రేపు మోకాలు మార్చే ఆపరేషన్. రోజూ వాడే మందులేమిటని ఫారంలో అడిగారు. నొప్పి మాత్ర ట్రమడాల్, రోజుకు రెండు అని రాశాను. నిజానికి పన్నెండు. ఆరేళ్ల క్రితం బండి మీంచి పడినప్పుడు మొదలైంది. ఇప్పుడు షాపులు మార్చి మార్చి కొంటున్నాను. లూదియా టీచర్ మాత్రలకు మరిగిందని మా ఊరు ఆళ్లగడ్డలో తెలిస్తే తల ఎత్తుకోలేను. నా భర్త ఫిలిప్‌కే తెలియదు.

మార్చి 5, ఉదయం 7
స్ట్రెచర్ వచ్చింది.

మార్చి 6, మధ్యాహ్నం 2
బేతంచెర్లలో బండలు కోసే రంపం నా మోకాల్లో తిరుగుతోంది. చెమటలు, ఆవులింతలు, కాళ్లు వాటంతటవే ఎగురుతున్నాయి. ఇంజెక్షన్ చేశారు. ఏమీ తగ్గలేదు. నర్సు వాసవి విసుక్కుంది. "ఇదే ఇంజెక్షన్‌కు పక్క బెడ్డు అవ్వ నిద్రపోతాంది. నీకొక్కదానికేందమ్మా?"
నటిస్తున్నాననుకుంటోంది.

సాయంత్రం 5
ఫిలిప్‌ను ఆళ్లగడ్డ పంపాను. బీరువాలో చీరల కింద డబ్బా ఉంది, రెండు స్ట్రిప్పులు తెమ్మన్నాను. ఇంకేమీ చూడొద్దన్నాను. ప్రభువా, చంపెయ్యి నన్ను.

మార్చి 7, ఉదయం 9
డబ్బా మొత్తం తెచ్చాడు. ఖాళీ స్ట్రిప్పులతో సహా.
"ఇన్నేండ్లు నీ పక్కనే పండుకుంటాండా. నాకెట్ల తెలీకపాయ?"
బతిమాలాను. డాక్టరుకు చెబితే నా ముఖం చూడొద్దన్నాను. చివరికి ఒక స్ట్రిప్పు చేతిలో పెట్టాడు.
"ఇవి మింగి నీకేమన్నా అయితే, సంపినోన్ని నేనే."
వరండాలోకి వెళ్లిపోయాడు. ఏడుస్తున్నాడు. వినిపిస్తోంది.

9:40
అరచేతిలో ఆరు. నీళ్లు అందేంత దూరంలోనే ఉన్నాయి.
బెల్ నొక్కాను.

సాయంత్రం
మత్తు డాక్టర్ అహల్య స్టూలు లాక్కుని కూర్చుంది. నిజంగా ఎన్ని అని అడిగింది. పన్నెండు అన్నాను. ఆ అంకె పైకి అనడం ఇదే మొదటిసారి. తిట్టలేదు. ఒళ్లు అలవాటు పడిపోయింది, మామూలు డోసు చాలదు అంది. ఉన్నట్టుండి ఆపడం వల్లే ఆ చెమటలు, ఆవులింతలట. ఇంజెక్షన్ల మీద ఈ ఆరూ పడి ఉంటే ఊపిరి ఆగిపోయేదట. తొడలో నరం దగ్గర సన్నటి గొట్టం పెట్టి మందు వదిలింది. మిగతా మందులూ మార్చింది. రంపం ఆగలేదు. దూరం జరిగింది. వాసవి గంటగంటకూ వచ్చి నా ఊపిరి లెక్కపెడుతోంది. నా ముఖం మాత్రం చూడదు.

మార్చి 16. ఆళ్లగడ్డ
మాత్రలు ఫిలిప్ దగ్గరుంటాయి. డాక్టర్ రాసిన ప్రకారం తగ్గిస్తూ ఇస్తాడు. నిన్న ఇంకొక్కటి ఇమ్మని అతని చొక్కా పట్టుకున్నాను. గుండీ ఊడింది.

మార్చి 24, మట్టల ఆదివారం
చర్చి నుంచి నేరుగా జీవమ్మ వచ్చింది. ఆమె చెవిన పడితే ఊరంతటికీ చెప్పినట్టే. నొప్పి ఎట్లుందని అడిగింది.
చెప్పాను. మోకాలి గురించి కాదు.