రెండు వందల చేపల కడుపులు

శ్రీవారికి నమస్కారాలు.

నది చేపల కడుపులో పురుగులు లెక్కపెట్టి నెలలో వచ్చేస్తానన్నారు. నాలుగో నెల నడుస్తోంది. కుట్టుమిషన్ ముందు కూర్చుంటే వీధిలో మోగే ప్రతి సైకిల్ బెల్లూ మీదే అనిపిస్తోంది. ఊరికే తలుపు తీసి చూస్తున్నానని పాలవాడు కూడా నవ్వుతున్నాడు. ఎప్పుడొస్తారో తేల్చి రాయండి.

మీ ఇంటావిడ

తా.క. మీ దిండు నేనే వాడుకుంటున్నాను. ఎందుకని అడక్కండి.

శ్రీమతికి ప్రేమతో,

రెండు వందల చేపలు కోసి చూస్తేగానీ మా ఆఫీసరు నన్ను వదలడు. నూట అరవై అయ్యాయి. వరదొచ్చి వలలో ఏమీ పడటం లేదు. పడ్డవాటిని చూస్తే జాలేస్తుంది. పేగుల్లో పురుగు చేరిన చేప ఎంత తిన్నా ఒళ్ళు చేయదు. కడుపుబ్బి, ఈదే ఓపిక లేక ఒడ్డు పట్టుకునుంటుంది. గుడ్లూ సరిగ్గా పెట్టదు. నాకూ నాలుగు మెతుకులు దిగడం లేదు. నాకు మాత్రం పురుగుల్లేవు, నువ్వు లేవు.

నీవాడు

తా.క. నీ నీలం శాలువా కోసం ఇల్లంతా వెతక్కు. నా పెట్టెలో ఉంది.

శ్రీవారికి,

ఇంకా నలభయ్యేగా! బజారుకెళ్ళి నలభై చేపలు ఏరి, ఐసులో సర్ది లారీ డ్రైవరుకిచ్చాను. లెక్క పూర్తి చేసి బయల్దేరండి.

మీ ఇంటావిడ

తా.క. మీకు శ్రమ లేకుండా పొట్టలు శుభ్రంగా తీయించి, మూడుసార్లు కడిగించాను.

మహాతల్లీ,

మేం చూసేదే ఆ పొట్టల్లో! పేగుల్లేని చేప మాకు లెక్కలోకి రాదు. అన్నీ వంటగదికి పంపాను. ఆఫీసరు రెండుసార్లు వడ్డించుకున్నాడు, నన్ను మాత్రం వదల్లేదు.

నీవాడు

తా.క. కోపంతో రాస్తున్నాననుకోకు. నీ చేత్తో సర్దిన పెట్టె పారేయడానికి మనసొప్పలేదు. మంచం కింద పెట్టుకున్నాను.

శ్రీవారికి,

ఆ మాట ముందే చెప్పొచ్చుగా! ఈసారి చేపలు కొనలేదు. మన రేవులో చేపలు కోసే అక్కని బతిమాలి నలభై చేపల పేగులు తెచ్చాను. ఒక్కొక్కటీ విడిగా గుడ్డసంచిలో పెట్టి, నంబరు కుట్టి, ఐసుపెట్టెలో పంపుతున్నాను.

మీ ఇంటావిడ

తా.క. మీ మీద ప్రేమ లేకపోతే ఈ వాసన ఎవరు భరిస్తారండీ?

శ్రీమతికి,

కొంప ముంచావు. పెట్టె నాకంటే ముందు ఆఫీసరు చేతిలో పడింది. దొంగలెక్కకి పేగులు తెప్పించుకుంటావా అని ఒంటికాలి మీద లేచాడు. దాచలేక అంతా ఒప్పుకున్నాను. నా భార్యకి నేను కావాలి సార్, అంతే అన్నాను. ఆయన ఒక సంచి విప్పి, పేగు చీల్చి చూశాడు. తలనిండా ముళ్ళున్న పురుగులు, పేగు గోడల్ని పొడుచుకుని వేలాడుతున్నాయి. నలభైలో ముప్ఫై ఒకటి అలాగే ఉన్నాయి. ఇక్కడున్న జబ్బు ఇదే నదిలో దిగువనున్న మీ ఊరు చేరేసరికి ఇంత ముదిరిందా, ముందు చూడాల్సింది అక్కడే కదా అన్నాడు. పరిశోధన మన ఊరి రేవుకి మార్చాడు. పని నాకే అప్పగించాడు. గురువారం బండెక్కుతున్నాను.

నీవాడు

తా.క. ఈసారి వెయ్యి చేపలట. ఒక్కొక్కటే, నెమ్మదిగా లెక్కపెడతాను.