గేర్ల బండి వద్దు

ఏవండీ, నా బస్సు వచ్చేస్తోంది, చేపల ఫ్యాక్టరీకి వెళ్తున్నాను. పొయ్యి మీద మిసో సూప్ ఉంది, మరగనివ్వకుండా వేడిచేసుకోండి. గుండె మాత్ర వేసుకున్నాకే కారు షాపుకి బయల్దేరండి.

నాలుగు చక్రాలూ లాగే బండే తీసుకోండి. పెట్రోలు ఎక్కువ తాగినా సరే, ముందు చక్రాలే లాగేది మంచులో మన ఒతారు ఊరి కొండ ఎక్కదు.

నా భయమల్లా గేర్ల గురించే. "గేర్లుంటేనే దిగుడులో బండి మన మాట వింటుంది" అని మీరూ, షాపులో ఆ కుషిదా ఒకటే పాట. నిజమే కావచ్చు. కానీ నా లైసెన్సు ఆటోమేటిక్‌కి మాత్రమే, మర్చిపోయారా? పోయిన ఫిబ్రవరిలో మీరు గుండె పట్టుకుని గుమ్మంలో కూలబడితే, తాళం చేతిలో ఉండి కూడా ఆ పాత గేర్ల బండి పక్కన ఊరికే నిలబడ్డాను. ఎదురింటి నొమురా గారు మంచు తవ్వి తన కారు బయటికి తీసేదాకా అలాగే నిలబడ్డాను. "ఏం కాలేదుగా, ఎందుకంత కంగారు" అంటారు మీరు. అప్పుడు నాకేమైందో మీరు చూడలేదు.

ఆటోమేటిక్కే తీసుకోండి. రోజూ మీరే నడపండి, నేను పక్కన కూర్చుంటాను.

చిజురు

రంగు మీ ఇష్టం. తెలుపు మాత్రం వద్దు. మంచులో మీరొస్తుంటే కిటికీలోంచి నాకు కనబడాలి.