కుక్కర్ విజిల్ వినపడని ఇల్లు

1998 ఆగస్టు, మంగళవారం రాత్రి

ఈ రోజు నాకు వీక్లీ ఆఫ్. హాయిగా ఉండాల్సిన రోజు. ఒళ్ళంతా మండిపోతంది.

మూడో తరగతి సదివే మా పాప టీచర్ రమ్మంటే పొద్దున్న బడికి ఎల్లినాను. "పాప బాగా చదువుతుందండీ. కానీ పాఠం అప్పజెప్పమంటే గుసగుసగా చెప్తుంది. ముందు బెంచీకే వినపడదు" అన్నారావిడ. నాకు సిగ్గేసింది. స్టీల్ ప్లాంట్‌లో ఫర్నేస్ హోరులో అరిచి అరిచి నా గొంతు పోతంది, నా కూతురికి గొంతే లేదంట!

ఇంటికొచ్చి మా ఆవిడ మీద ఇరుచుకుపడినాను. పార్వతి ఊరుకోలేదు. "మీరు నైట్ షిఫ్ట్ సేసొచ్చి పగలంతా పడుకుంటారని, నోరెత్తొద్దని దానికి పుట్టిన కాడ్నించి సెప్తన్నాను. విజిలొస్తాదని నానే కుక్కర్ పెట్టడం మానీసినాను. ఇంకేటి సెయ్యమంటారు?" అంది.

ఎనిమిదేళ్ళుగా ఒక వారం పొద్దున్న, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి డ్యూటీ. నిద్ర తీరిందీ లేదు, పిల్లతో కబుర్లాడిందీ లేదు. ఈ ఉద్యోగం వచ్చిన రోజున మా ఊరు సబ్బవరంలో మా నాన్న ఈదంతా మిఠాయి పంచినాడు.

సాయంత్రం పాపని ఎదురుగా కూకోబెట్టి, "గట్టిగా సదువమ్మా, నాను మెలకువగానే ఉన్నాను కదా" అన్నాను. పుస్తకం తీసింది. ఏదో గుర్తొచ్చినట్టు లేచి ఎల్లి, పడగ్గది తలుపు సప్పుడు కాకుండా దగ్గరికేసి వచ్చింది. మళ్ళీ గుసగుసగానే మొదలెట్టింది.

ఆ గదిలో మంచం ఖాళీ. దాని నాన్న ఇక్కడ, దాని ముందే కూకున్నాడు.